ఆదివారం మాత్ర

విజయవాడ, గుణదల. మే నెల సాయంత్రం. ఏలూరు కాలువకి దగ్గర్లో ఉన్న ఇంటి వరండాలో వెంకటకృష్ణారావు, ఆయన భార్య వెంకటరత్నమ్మ.

"అది నా రక్తం కాదండీ."

"ఏది?"

"ఆ రిపోర్టులో ఉన్నది. పేరు నాదే, వయసు నాదే. రక్తం మాత్రం నాది కాదు."

"లోపలికి పద రత్నం. దోమలొస్తున్నాయి."

"దోమల సంగతి తర్వాత. కూర్చోండి. మీకొక మాట చెప్పాలి. చెప్తే కోప్పడకూడదు."

"కోప్పడను."

"విన్నాక అనండి ఆ మాట."

"విన్నా కోప్పడను. చెప్పు."

"ఆ రోజు ఎముకల డాక్టరమ్మ ఎంత సంబరపడిందో చూశారుగా. రిపోర్టు చూసి, మందు భలే పట్టిందండీ మీకు, ఇలా అందరికీ పట్టదు అంది. ఏడొందల పైన ఉన్న నంబరు రెండొందల లోపుకి దిగిందని మీకు కూడా చూపించింది. మీరు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు."

"మంచి మాట చెప్తే నవ్వు రాకపోవడమేంటి?"

"మందు పట్టాలంటే మింగాలి కదండీ. నేను మింగలేదు. ఒక్కటి కూడా."

"ఊఁ."

"ఊఁ అంటారేంటి? మీకు వినపడిందా నేను చెప్పింది?"

"వినపడింది. ఎందుకు మింగలేదూ?"

"భయమండీ. చలికాలంలో బస్టాండులో మెట్టు దిగుతూ ఊరికే చెయ్యి ఆనించాను, మణికట్టు పుటుక్కుమంది. అప్పట్నించి భయమే. స్కాన్ తీసి ఎముకలు బోలైపోయాయన్నారు. వారానికొక మాత్ర రాశారు. ఆదివారం ఆదివారం, పరగడుపున, గ్లాసుడు మంచినీళ్ళతో వేసుకుని అరగంట నడుం వాల్చకుండా కూర్చోవాలన్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. ఇంటికొచ్చాక మా పామ—"

"పామర్రు వదిన గుర్తొచ్చింది."

"ఆవిడే. మీకెలా తెలుసు?"

"ఊహించా."

"ఆవిడ వేసుకున్నదీ ఇదే మాత్ర. వేసుకుని నిద్ర ఆగక పడుకుంది. గొంతులోంచి గుండె దాకా పుండు పడింది. మంచినీళ్ళు కూడా దిగక, చెంచాతో పోస్తుంటే కళ్ళమ్మట నీళ్ళు కారడం నేను చూశాను. పైగా మన మనవరాలు అక్షయ ఉందిగా, డబ్బాలో మడిచిపెట్టిన కాగితం తీసి చదివి వినిపించింది. దవడ ఎముక కుళ్ళొచ్చట. తొడ ఎముక దానంతటదే విరగొచ్చట. ఎముకలు విరక్కుండా ఇచ్చే మందుకి ఎముకలే విరుగుతాయంటే ఎవరు వేసుకుంటారండీ?"

"అది లక్షమందిలో ఒకరికో ఇద్దరికో అని డాక్టరమ్మ చెప్పింది."

"ఆ ఒక్కరూ మా వదినే అయ్యింది కదా. రెండోది నేనైతే?"

"మరి ఆ మాట నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే మీరు బలవంతాన మింగిస్తారు. మీ సంగతి నాకు తెలీదా? అందుకని ఆదివారం పొద్దున్నే అట్టలోంచి ఒకటి తీసి చెంగున కట్టుకుని, నడక పేరు చెప్పి కాలువ గట్టు మీదికి పోయేదాన్ని. వంతెన దాటాక అటూ ఇటూ చూసి నీళ్ళలోకి వేసేసేదాన్ని. అట్ట ఖాళీ అయ్యేది. మీరు చూసి సంతోషించేవారు. నాకూ రెండు రోజులు మనసు బాగుండేది కాదు, తర్వాత సర్దుకునేది. కోపమొచ్చిందా?"

"లేదు. కాఫీ తాగుతావా? పెట్టుకొస్తా."

"కూర్చోండి. అసలు భయం ఇప్పుడు చెప్తాను. డాక్టరమ్మ మొదటిరోజే అంది, ఎముక గట్టిపడిందో లేదో స్కాన్‌లో తెలియాలంటే ఏడాదో రెండేళ్ళో పడుతుంది, అప్పటిదాకా చీకట్లో కూర్చోవడం ఎందుకు, రక్తం చెప్పేస్తుంది అని. మన ఎముక రోజూ కాస్త కరుగుతూ కాస్త కట్టుకుంటూ ఉంటుందట. కరిగినప్పుడు రాలే పొడిలాంటిది రక్తంలోకి వస్తుందట. మందుకి ముందు అదెంతుందో కొలిచారు. మందు పనిచేస్తుంటే నాలుగైదు నెలలకల్లా సగానికి పైగా పడిపోతుందట. పడలేదంటే మనిషి మందన్నా వేసుకోవట్లేదు, వేసుకున్నది ఒంటికన్నా పట్టట్లేదు."

"తెలుసు. నేనూ పక్కనే ఉన్నాగా."

"అదే, ఆ పరీక్షలో దొరికిపోతానని నెలరోజుల ముందు నుంచీ నాకు నిద్రలేదు. నంబరు దిగలేదేంటమ్మా అని ఆవిడ అడిగితే ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి అనుకున్నాను కూడా. తీరా వెళ్తే దిగింది. మింగని మందు ఎలా పట్టిందండీ?"

"దిగింది కదా. మంచిదే అనుకో. వదిలెయ్."

"ఎలా వదిలేస్తాను? నాకు మొదట తట్టిందేంటో తెలుసా? ల్యాబులో సీసాలు మారిపోయాయి. ఆ రోజు నా పక్క కుర్చీలో ఒకావిడ కూర్చుంది, కూచిపూడి నుంచి కొడుకుతో వచ్చిందట, నాకన్నా పెద్దది. వెన్నుపూస నలిగి ముందుకి వంగిపోయింది. ఆవిడ రక్తం నా పేరు మీదికొస్తే, నాది ఆవిడ పేరు మీదికి పోయుంటుంది కదా. పాపం ఆవిడ వారం వారం శ్రద్ధగా వేసుకుంటూ ఉంటే, నీకు మందు పట్టట్లేదమ్మా అని ఎక్కువ డోసో, ఇంకేదో సూదో వేసేస్తే? నా దొంగతనానికి ఆవిడ నడుం విరిగితే? నాకు అన్నం సహించలేదు."

"అందుకని శ్రీదుర్గని పిలిచావు."

"ఔను, దాన్ని— అది చెప్పిందా మీకు? చెప్పొద్దన్నానే."

"చెప్పలేదు. కూతురు గన్నవరం నుంచి పొద్దున్నే బండేసుకుని వచ్చి తల్లిని టిఫిన్ కూడా చెయ్యనివ్వకుండా తీసుకెళ్తే ఆమాత్రం తెలీదా?"

"దానికి అసలు సంగతి చెప్పలేదు. ఇంకో ల్యాబులో కూడా చూడమన్నారని అబద్ధమాడాను. బెంజి సర్కిల్ దగ్గర వేరే చోట ఇచ్చాం. పరగడుపునే, ఎండెక్కకముందే. ఆ వేళకిస్తేనే లెక్క సరిగా వస్తుందట. ఆ రిపోర్టు అమ్మాయి ఇవాళ పొద్దున ఫోన్లో పంపింది."

"ఇవాళా?"

"ఇవాళే కదా. ఏం?"

"ఏం లేదు. చెప్పు."

"అదే నంబరండీ. కాస్త అటూ ఇటూ. రెండు చోట్లా ఒకటే. సీసాలు మారలేదు. అది నా రక్తమే."

"మరి కాదన్నావుగా ఇందాక."

"కాకూడదని అన్నాను. నా రక్తమే అయితే నాకు ఇంకా భయం. ఉండబట్టలేక డాక్టరమ్మకి ఫోన్ చేశాను. మా వీధిలో ఒకావిడకి మందు వేసుకోకుండానే నంబరు పడిపోయిందండీ, అలా జరుగుతుందా అని అడిగాను. ఆవిడ నవ్వింది. మధ్యాహ్నం ఇస్తే ఒకలాగ, పొద్దున ఇస్తే ఒకలాగ వస్తుంది గానీ ఇంత తేడా రాదు, మీ వీధావిడ మందు వేసుకునే ఉంటుంది అంది."

"ఊఁ."

"ఇంకోటి కూడా అడిగాను. చెప్తే మీకు కష్టంగా ఉంటుందేమో."

"నేను నీకు తెలీకుండా పాలల్లో కలిపి ఇచ్చానేమోనని అడిగావు."

"అలా సూటిగా అడగలేదు. ఇంట్లోవాళ్ళు అన్నంలోనో పాలల్లోనో కలిపితే అన్నాను. కలిపినా లాభం లేదట. పాలు తగిలితే ఆ మందు ఒంటికి పట్టనే పట్టదట. ఉత్త కడుపు, మంచినీళ్ళు, అంతే. మనిషి తెలిసి మింగితే తప్ప పని చెయ్యదు అంది. మీ మీద అనుమానపడ్డందుకు సిగ్గేసింది. కానీ మీరు కూడా కాకపోతే మరి ఎవరండీ?"

"రత్నం."

"నా ఒంట్లో ఇంకేదో ఉంది. అదే నా భయం. ఎముక కరగడం ఆగిపోయే జబ్బేదో ఉండి ఉంటుంది. డాక్టరమ్మకి నేను మింగట్లేదని తెలీదు కాబట్టి మందు వల్లే అనుకుంటోంది. లోపల ఏం పెరుగుతోందో ఏమో."

"జబ్బేం లేదు. ఎముకలకేం కాలేదు."

"మీరెలా చెప్తారు?"

"పోయిన ఆదివారం మాత్ర ఏం చేశావు?"

"చెప్పాగా. కాలువలో వేశాను."

"పోయిన ఆదివారమే?"

"పోయిన ఆదివారమే. వంతెన దాటాక మెట్లున్నాయే, అక్కడ. పై మెట్టు దాకా నీళ్ళున్నాయి. వంగి వేశాను. చేతి వేళ్ళకి నీళ్ళు తగిలాయి కూడా, చల్లగా. మాత్ర బుడుంగున పోయింది."

"చల్లగా తగిలాయి."

"ఔను. ఎందుకలా చూస్తున్నారు?"

"నేను కాలువల శాఖలో ఎన్నేళ్ళు చేశానో నీకు తెలుసు."

"ఇప్పుడు ఆ ఊసెందుకు?"

"ఇది మే నెల రత్నం. కాలువలకి నీళ్ళు ఆపేసి నెల దాటింది. వంతెన కింద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. మధ్యలో కాస్త బురద ఉంది, అంతే. పై మెట్టు దాకా నీళ్ళెక్కడివి?"

"వదిలుంటారు. తాగునీటికి మధ్యలో ఒకసారి వదుల్తారు కదా."

"ఈసారి ఇంకా వదల్లేదు. కావాలంటే పద, ఇప్పుడే వెళ్ళి చూద్దాం. పది అడుగులు."

"వద్దు."

"పద."

"వద్దన్నాను కదా."

"సరే. వద్దులే."

"వేళ్ళకి తగిలాయండీ. నాకు గుర్తుంది."

"తగిలాయి. చలికాలంలో. నువ్వు మొదటి మాత్ర వేసినప్పుడు కాలువ నిండుగా ఉంది. నేను వెనకాలే వచ్చాను. నువ్వు చెంగు ముడి విప్పడం చూశాను. రెండోది వేసినప్పుడు కూడా చూశాను."

"చూసి అడగలేదా?"

"అడిగాను. ఇంటికొచ్చాక. నువ్వు పామర్రు వదిన సంగతి చెప్పి ఏడ్చావు."

"నేను ఎప్పుడూ మీకు ఆవిడ—"

"చెప్పావు. నేనన్నాను, పక్కనే కూర్చుంటా, అరగంటా కదలను, పడుకోనివ్వను అని. తర్వాతి ఆదివారం పొద్దున్నే లేపి కుర్చీలో కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్ళిచ్చాను. మింగావు. ఆ అరగంటా నా చెయ్యి వదల్లేదు. గొంతు మండుతోందా అని నేనూ, మండట్లేదని నువ్వూ, అదే మాట. అరగంట అయ్యాక కాఫీ ఇచ్చాను. కాఫీ తాగుతూ అన్నావు, ఏమండీ, మీకొక మాట చెప్పాలి, నేను మాత్రలు కాలువలో పారేస్తున్నాను అని. పరాచికమాడుతున్నావనుకున్నాను. నవ్వాను కూడా. నువ్వు నవ్వలేదు."

"ఆ తర్వాత వారం?"

"ఆ వారమూ మింగావు. ప్రతి వారమూ. నా ఎదురుగా, తెలిసి, నీ చేత్తో నువ్వు. డాక్టరమ్మ చెప్పింది అబద్ధం కాదు, మనిషి మింగితే తప్ప ఆ నంబరు దిగదు. నీ రక్తం సరిగ్గానే చెప్పింది."

"నా రక్తానికి గుర్తుంది. నాకు లేదు."

"అలా అనకు."

"ఇంకేం మర్చిపోయాను?"

"పెద్దగా ఏం లేదు."

"పెద్దగా అంటే? చెప్పండి. నన్ను పక్కనపెట్టి దాచకండి."

"శ్రీదుర్గ ఆ రిపోర్టు పంపింది ఇవాళ కాదు. మంగళవారం. ఇవాళ శుక్రవారం."

"ఇంకా?"

"అంతే."

"అంతే కాదు. గుమ్మం తలుపుకి పైన కొత్త గొళ్ళెం ఎందుకు పెట్టించారు? దొంగల భయమన్నారు. నాకోసమేనా అది?"

"ఒకరోజు పొద్దున నువ్వు కనపడలేదు. మాచవరం దాకా వెళ్ళిపోయావు. తెలిసినాయన, మన యేసుబాబు, ఆటోలో ఎక్కించుకొచ్చాడు. ఇల్లెటో తెలీక నిలబడ్డావట. ఆయనతో బాగానే మాట్లాడావు, పేరు పెట్టి పిలిచావు. ఇంటి దారి ఒక్కటే తెలీలేదు."

"యేసుబాబుకి తెలుసన్నమాట."

"ఎండకి కళ్ళు తిరిగాయని చెప్పాను."

"శ్రీదుర్గకి?"

"చెప్పలేదు."

"డాక్టరమ్మకి?"

"చెప్పలేదు."

"నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా ఎలా ఉన్నారండీ?"

"ఎవరికి చెప్పను? నువ్వు వినేచోట చెప్పలేను. నువ్వు లేని చోటికి పోవాలంటే నిన్ను ఒంటరిగా వదలాలి. వదల్లేను. ఆ నంబరు దిగిందని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను నవ్వానన్నావే, ఎందుకు నవ్వానో తెలుసా? నువ్వు మింగావని ఇంకొకరు చెప్పారు. అప్పటిదాకా నాకే అనుమానంగా ఉండేది, నువ్వు చెప్పేదే నిజమేమో, మతి తప్పింది నాకేనేమో అని. నువ్వంత నమ్మకంగా చెప్తావు. నీళ్ళు తగిలాయంటావు, చల్లగా అంటావు. ఆ రిపోర్టు చూశాక తెలిసింది. తెలిసి సంతోషించాలో ఏడవాలో తెలీక నవ్వాను."

"భయపడ్డారా?"

"చాలా."

"నా చెయ్యి పట్టుకోండి."

"ఇలా ఇవ్వు."

"ఎముకలు విరుగుతాయని కదండీ నేను భయపడింది. ఇన్నాళ్ళూ దానికే మెట్టు మెట్టుకీ చూసుకుని దిగాను. బాత్రూంలో తడి ఉంటే అడుగు వెయ్యలేదు. ఇది వస్తుందని ఎవరూ చెప్పలేదు."

"దీనికి కూడా డాక్టర్లున్నారు. థైరాయిడ్ తేడా అయినా, విటమిన్ తక్కువైనా ఇలా అవుతుందంటారు. అలాంటిదైతే మందుతో సర్దుకుంటుంది."

"కాకపోతే?"

"కాకపోతే అప్పుడు చూద్దాం."

"ఎముకలకి రక్తం తీసి చెప్పారు. దీనికి ఏం తీసి చెప్తారు?"

"తెలీదు రత్నం. అడుగుదాం."

"అయితే రేపే వెళ్దాం. ఆలస్యం వద్దు. పొద్దున్నే శ్రీదుర్గకి ఫోన్ చెయ్యండి, అదీ వస్తుంది. దానికి అంతా చెప్పేయండి, నా ముందే చెప్పండి, నేను ఏమీ అనుకోను. ఎముకల డాక్టరమ్మ దగ్గరికి కాదు. తలకి చూసే డాక్టరు దగ్గరికి."

"అలాగే."

"నేను రానంటే?"

"తీసుకెళ్తాను."

"మొండికేస్తే? తిడితే? నాకేం జబ్బు లేదని అరిస్తే?"

"బతిమాలుకుంటా."

"బతిమాలొద్దు. లాక్కుపోండి. నేనిప్పుడు బాగా ఉన్నప్పుడు చెప్తున్నాను, ఇదే నా మాట. తర్వాత నేనేమన్నా పట్టించుకోకండి. మాటివ్వండి."

"ఇచ్చాను."

"ఏమండీ."

"ఊఁ."

"పొద్దున లేచేసరికి ఇదంతా నాకు గుర్తుండకపోతే? మిమ్మల్ని చూసి నవ్వుతూ కాఫీ ఇస్తే, మీకు మనసొప్పక మళ్ళీ ఊరుకుంటే?"

"మంగళవారం కూడా ఇదే అడిగావు, రత్నం."